లైను చివర రెండు గుర్తులు

"కార్డు పెట్టకుంటే సాంచ కదలదు బిడ్డా. ఇది నేను జెప్పే ముచ్చట గాదు, కంపెనోళ్లు రాసిచ్చిన ముచ్చట," అన్నాడు సిద్ధిరాములు, ఏడో నంబరు మగ్గం వైపు చూడకుండా.

శోభ మాత్రం దాన్నే చూస్తోంది.

తెలుగు పల్లె నుంచి ఈ మరాఠీ ఊరికి వలసొచ్చిన సిద్ధిరాములు శాంతి నగర్‌లో పెట్టుకున్న కార్ఖానా అది. మొన్న మధ్యాహ్నం నుంచి ఒక్క సాంచ కూడా నడవలేదు. మగ్గాలు బాగుచేసే జాబర్ కనుకయ్య ఈ ఏడో సాంచ కిందికి దూరి, జారిన మోటారు బెల్టు ఎక్కిస్తుండగా అది ఒక్కసారిగా నడిచింది. మెడలోని తువ్వాలను చక్రం లాక్కుంది. జనం పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపేసరికే అంతా అయిపోయింది. ఆ సాయంత్రమే పోలీసులు స్వామి అనే కార్మికుణ్ణి పట్టుకెళ్లారు. ఏడో సాంచ నడిపేది అతనే. ముందురోజు అందరి ముందూ కనుకయ్య తిడితే "నీ సంగతి చూస్త" అన్నదీ అతనే.

ఈ కేసు శోభకు అప్పజెప్పింది స్వామి తరఫు వాళ్లు కాదు. చనిపోయిన కనుకయ్య భార్య సమ్మవ్వ. కర్మలు కూడా కాకముందే నిజాంపురాలోని శోభ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "స్వామి చేసిండంటే నేను నమ్మ. తిట్టినా కొట్టినా నా మొగని ఎనుక తిరిగిన పోరడు. అసలు చేసినోడెవడో నాకు కావాలె," అంది. చుట్టాలంతా ఛీ కొట్టినా వినలేదు. ఇప్పుడు కూడా కార్ఖానా గుమ్మం దగ్గర, గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది.

"కరెంటు ఎప్పుడు పోయింది కాకా?" అడిగింది శోభ.

"ఒంటిగంటన్నరకు."

"మళ్ల వచ్చింది?"

"రెండు దాటినంక. నేను బయట టెంపోల తాన్లు ఎక్కిస్తున్న. బలుబు వెలిగింది చూసిన."

"కరెంటు రాంగనే సాంచలు వాటంతట అవే నడుస్తయా?"

"అప్పట్ల నడిచేటియి. అందుకే గదా ఈ డబ్బాలు పెట్టిచ్చిన!" సిద్ధిరాములు గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువుంది. "ఇప్పుడు కరెంటు వచ్చినా సరే, ఎవలి కార్డు వాళ్లు డబ్బాకు ఆనిస్తేనే చాలూ అయితది. మనుషుల పానం కోసమే పెట్టిన బిడ్డా. ఆ డబ్బానే ఇప్పుడు సాక్ష్యం జెప్తున్నది, స్వామి కార్డు పెట్టిండని."

"కరెంటు వచ్చినప్పుడు స్వామి ఏడున్నడు?"

"చాయ్ తాగ పోయిన అంటడు. చాయ్ బండోడు యాదికి లేదంటడు. మందిల ఎవలు యాది పెట్టుకుంటరు?"

"అతని కార్డు?"

సిద్ధిరాములు కొడుకు సాగర్ జవాబిచ్చాడు. కార్ఖానాలో కంప్యూటర్ సంగతులన్నీ చూసేది అతనే. "డబ్బా మీద మేకుకే ఉంటదక్కా. అందరూ గట్లనే ఏలాడదీసి పోతరు."

"అంటే ఎవరైనా పెట్టొచ్చు."

"పెట్టొచ్చు. కానీ ఎవలు పెడ్తరు?"

శోభ నేరుగా వెళ్లి సాంచల మెయిన్ స్విచ్ పెట్టె చూసింది. ఆఫే ఉంది. దానికి తాళం వేసి తాళంచెవి తన జేబులో వేసుకుంది. తిరిగొచ్చి చున్నీ తీసి పక్కన పెట్టి, ఏడో సాంచకూ ఎనిమిదో సాంచకూ నడుమ సందులో వెల్లకిలా పడుకుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా!" సిద్ధిరాములు కంగారుపడ్డాడు.

"కనుకయ్య కాళ్లు ఎక్కడిదాకా ఉండె?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. "దారిలకే ఉండె. చెప్పులు గూడ ఇడువలే," అంది సమ్మవ్వ. ఆమె ముఖం తిప్పుకోలేదు. కళ్లు మాత్రం శోభ మీద కాక, శోభ కింద ఉన్న నేల మీద నిలిచాయి.

శోభ జరిగి, కాళ్లు దారిలోకి చాపింది. నూనె వాసన, దూది పొట్టు. తల పైన ఇనుప చక్రం. తాళంచెవి జేబులోనే ఉందా అని తడిమి చూసుకుంది.

"సాగర్, ఇప్పుడు కార్డు తెచ్చి డబ్బాకు పెట్టు. నా కాళ్లు తొక్కకుండ."

డబ్బా సాంచ పక్కకే, మోకాలెత్తున బిగించి ఉంది. సాగర్ ఒక వైపు నుంచి వంగి చూశాడు, అందలేదు. రెండో వైపు నుంచి చూశాడు, నూలు చుట్టిన బీము అడ్డమొచ్చింది. చివరికి ఒక కాలు ఆమె మోకాళ్ల నడుమ దింపి, సాంచ పట్టుకుని వంగితే గానీ కార్డు డబ్బాకు తగల్లేదు.

శోభ లేచి దుమ్ము దులుపుకుంది. "కార్డు పెట్టినోడు కనుకయ్య కాళ్ల నడుమ నిలబడి పెట్టినట్టు. కింద మనిషున్నడని చూడకుండ పెట్టే సందే లేదు."

"ఎగ్జాక్ట్‌లీ, మేడమ్."

గుమ్మంలోంచి లోపలికొచ్చిన కుర్రాడు నవ్వుతున్నాడు. చంకలో లాప్‌టాప్ సంచి, చేతిలో హెల్మెట్. వైభవ్. డబ్బాలు అమ్మిన కంపెనీ ఇంజినీరు. పోలీసులు డబ్బాల గురించి ఏం అడిగినా జవాబు చెప్పేది అతనే. తల్లిదండ్రులది జగిత్యాల పక్క పల్లె. అతను పుట్టి పెరిగింది, చదివింది ఇక్కడే, మరాఠీలో.

"మేము చెప్పేది కూడా అదే కదా," అన్నాడు వైభవ్. "చూసే పెట్టిండు. జాన్‌బూఝ్‌కర్, కావాలనే. యాక్సిడెంట్ కాదు, మర్డర్. మీరే పడుకొని మరీ ప్రూవ్ చేసిండ్రు. థాంక్యూ."

సమ్మవ్వ ముఖంలో రంగు పోయింది. శోభకు చెంప మీద కొట్టినట్టయింది. తను వేసిన అడుగుతోనే అతను తన్ను పడగొట్టాడు. అయినా గొంతు పెంచలేదు.

"ఒకటి అడుగుత. కార్డు లేకుండ, దూరం నుంచి సాంచ నడిపే..."

"లేదు."

"పూర్తిగా అడగనియ్యి."

"లేదు మేడమ్. అటువంటి ఫీచర్ లేదు. కార్డు ఉంటేనే స్టార్ట్. ఇగో, దేఖో." సంచిలోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. కంప్యూటర్ ఫైలు లోంచి అచ్చు తీసిన కాగితం. ఒక లైనును పసుపు రంగు పూసి చూపించాడు. టైము రెండూ పద్నాలుగు, సాంచ ఏడు, చాలూ, కార్డు, స్వామి. "మషీన్ ఖోటం బోలత్ నాహీ. మిషన్ అబద్ధమాడదు. పోలీసులకు ఇది చాలు."

"కాగితం వద్దు. ఫైలు కావాలె."

"కోర్టుల అడుగుండ్రి. మీరు ప్రైవేట్. నేను ఎందుకు ఇయ్యాలె?"

"నువ్వెందుకు ఇచ్చుడు? ఫైలు సేటు కంప్యూటర్ల ఉన్నది."

"పోలీసులు కంప్యూటర్ సీల్ తీసిండ్రు గానీ దాన్ని ముట్టుకుంటే ఎవిడెన్స్ ఖరాబ్ అయిందని నేనే పోలీస్‌కు చెప్త. మీరు కొలువు వదిలి ఎన్నేండ్లు అయితుంది మేడమ్? ఈ ఫార్మాట్లు అన్నీ మారినయి."

శోభ ఒకప్పుడు పోలీసుల సైబర్ విభాగంలో పనిచేసింది. ఆ సంగతి అతనికి తెలుసన్నమాట. వచ్చే ముందు తన గురించి వాకబు చేసుకున్నాడు.

"మారలే," అంది. "ఒక్కో సంగతికి ఒక్కో లైను. ప్రతి లైనూ దానంతట అదే పూర్తి. ముందు లైను చెడినా ఎనుక లైను చదువొచ్చు. నేను కొలువుల ఉన్నప్పుడూ గంతే, ఇప్పుడూ గంతే."

సమ్మవ్వ గోడ వదిలి ముందుకొచ్చింది. సిద్ధిరాములు ఎదుట నిలబడింది. "సేటూ, నా మొగడు నీ సాంచలల్ల సచ్చిండు. నేను నిన్ను ఏమన్న అన్ననా? ఏమీ అనలే. ఆ ఫైలు చూపియ్యి."

సిద్ధిరాములు తల దించుకున్నాడు. "చూడనియ్యి వైభవ్. చూస్తే అరుగుతదా? ఇంటికాడ గూడ అవే గదా దినమంతా తిరిగేటియి, దాపుడేంది?"

"ఇంటికాడ?" అన్నాడు వైభవ్.

"టాబ్లెట్ సార్," అన్నాడు సాగర్ కొంచెం గర్వంగా. "నేనే వీడియోలు చూసి పెట్టిన. డబ్బాల నుంచి లైన్లు వస్తయి గదా, అవి కంప్యూటర్‌కు ఎట్ల వస్తయో ఇంట్ల టాబ్లెట్‌కు గూడ గట్లనే వస్తయి. ఏ సాంచ ఆగినా మా అమ్మకు తెలుస్తది. ఫోన్ చేసి ఒర్రుతది."

"అచ్ఛా. లైవ్ చూసుడేనా, సేవ్ కూడా అయితదా?"

"అయితదనుకుంట సార్. ఎన్నడూ చూడలే."

ఈ మాటలు శోభ చెవిన పడ్డాయి గానీ మనసుకెక్కలేదు. ఆమె అప్పటికే ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫైలును తన పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, తన లాప్‌టాప్‌లో తెరుస్తోంది. వైభవ్ గుమ్మంలో నిలబడి కొద్దిసేపు చూశాడు. "చూసుకోండి. నాకు ఠాణాలో పని ఉంది," అని హెల్మెట్ పెట్టుకున్నాడు. బయట బండి చప్పుడు దూరమైంది.

ఫైలు బారుగా తెరుచుకుంది. మొన్నటి తేదీ. పొద్దున్నుంచీ సాంచలు నడవడం, ఆగడం, దారం తెగడం, మళ్లీ నడవడం. అన్నీ లైన్లే. ఒంటిగంటన్నర దగ్గర మూడో సాంచ లైను సగంలో తెగి ఉంది. టైము ఉంది, సాంచ నంబరు ఉంది, ఏం జరిగిందో రాయకముందే కరెంటు పోయింది. అది చూసి శోభకు డబ్బా మీద నమ్మకం పెరిగింది. తనకు తెలిసిందే రాస్తుంది, తెలియనిది వదిలేస్తుంది.

కింద రెండూ పద్నాలుగు. పసుపు పూసిన లైను. టైము, సాంచ, చాలూ, కార్డు, స్వామి. మాటల వరుస సరిగ్గా ఉంది. ఎక్కడా తప్పు లేదు. ఆమె మూడుసార్లు చదివింది. తప్పు లేదు.

గుమ్మం దగ్గర సమ్మవ్వ నిలబడి ఉంది. "ఏమన్న దొరికిందా?"

"ఇంకా లేదక్కా."

తప్పు మాటల్లో లేకపోతే ఎక్కడుంటుంది? శోభ ఒక మీట నొక్కింది. మామూలుగా కంటికి కనిపించని గుర్తులన్నీ తెర మీద బయటపడ్డాయి. లైను ముగిసిన ప్రతిచోటా ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఇక్కడితో ఈ లైను అయిపోయింది, ఇక కొత్త లైను అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తు. కాగితం మీద అచ్చు తీస్తే అది రాదు.

డబ్బా రాసిన ప్రతి లైను చివరా ఒకటే గుర్తు ఉంది. పొద్దున్నుంచీ ఒకటే. పై లైనుకు ఒకటే. కింది లైనుకు ఒకటే.

పసుపు లైను చివర రెండున్నాయి.

శోభ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ తర్వాత ముందుకు వంగి, ఫైలు మొత్తం వెతికించింది. నెల రోజుల లైన్లు. రెండు గుర్తులున్నది వాటన్నిట్లో ఒక్కటే లైను.

"సాగర్, ఇటు రా. కూచో."

సాగర్ కూర్చున్నాడు. ఆమె గొంతు మారిందని అతనికి తెలిసిపోయింది.

"ఈ లైను డబ్బా రాసింది కాదు. డబ్బాకు లైను చివర ఒకటే గుర్తు పెట్టుడు వచ్చు. విండోస్ కంప్యూటర్‌ల మనిషి కూచొని రాసి ఎంటర్ కొడితే రెండు గుర్తులు పడ్తయి. ఎవడో వేరేచోట ఈ లైను రాసుకొని తెచ్చి, అసలు లైను తీసి, దీన్ని అక్కడ పెట్టిండు. ఒక్కో లైను విడివిడిగ ఉంటది గనుక పక్క లైన్లకు ఏం కాలే. ఈ కంప్యూటర్ ముందు ఎవరు కూచున్నరు?"

"నేను కాదక్కా. అమ్మ తోడు."

"ఎవరో చెప్పమన్న. నువ్వు కాదని చెప్పమనలే."

"పోలీసులు వచ్చిండ్రు. వాళ్లు దీన్ని ముట్టలే. ఏం చేయాల్నో తెల్వక వైభవ్ సార్‌ను పిలువుమన్నరు. ఆయన సాయంత్రం వచ్చిండు. లాప్‌టాప్ దీనికి కలిపి, అర్ధగంట సేపు కూచున్నడు. రిపోర్ట్ తీస్తున్న అన్నడు. ఆయన లేచినంకనే పోలీసులు సీల్ ఏసిండ్రు."

"ఆ అర్ధగంట నువ్వు ఇక్కడ్నే ఉన్నవా?"

"లేను. చాయ్ తెమ్మంటే పోయిన."

సిద్ధిరాములు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "అంటే... స్వామి కార్డు పెట్టలేదా?"

"తెల్వదు కాకా. అసలు లైనుల ఏముండెనో చూస్తే తెలుస్తది. అది తీసేసిండు." ఆమె తల పట్టుకుంది. లైను దొంగదని తెలిసింది. నిజం లైను లేదు. కోర్టులో సగం సంగతి చెబితే వైభవ్ దాన్ని కూడా తనవైపే తిప్పుకుంటాడు. ఇందాక తిప్పుకున్నట్టే. ఎవడో మార్చాడు, ఎవడో నాకు తెలియదు, బహుశా స్వామి దోస్తులే అంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది.

"టాబ్లెట్," అంది. "సాగర్! లైను పుట్టంగనే టాబ్లెట్‌కు గూడ పోతది కదా? ఇక్కడ ఫైలు తర్వాత మార్చినా, అప్పటికే పోయిన లైను..."

"మారదు," అన్నాడు సాగర్ నెమ్మదిగా. అతని చేయి అప్పటికే ఫోన్ మీద ఉంది.

గైబీ నగర్‌లో వాళ్ల ఇల్లు. అతని భార్య లత ఫోన్ ఎత్తింది. సాగర్ స్పీకర్‌లో పెట్టి చెప్పాడు. టాబ్లెట్ తీయి, లైన్ల యాప్‌లోకి పో, పాతవి అని ఉంటది చూడు, మొన్నటి తారీఖు పెట్టు.

"మిళాలం," అంది లత. "దొరికినయి. బాప్‌రే, ఎన్ని ఉన్నయో. టైము ఎంత?"

"రెండూ పద్నాలుగు. ఏడో సాంచ. ఫోటో తీసి పంపు."

అందరూ తెర వైపు చూస్తూ నిలబడ్డారు. సమ్మవ్వ సాగర్ భుజం పక్కకు వచ్చింది. ఆమెకు చదువు రాదు, అయినా చూస్తోంది. ఫోటో మసగ్గా వచ్చింది, తర్వాత తేటపడింది.

రెండూ పద్నాలుగు, సాంచ ఏడు, చాలూ. అక్కడిదాకా ఒక్క అక్షరం తేడా లేదు.

రిమోట్. వైభవ్.

"లేదు" అని అతను చెప్పిన తీరు శోభకు మళ్లీ వినిపించినట్టయింది. ప్రశ్న పూర్తవకుండానే వచ్చిన జవాబు. కార్డు పెట్టినవాడు కనుకయ్య కాళ్ల నడుమ నిలబడాలి. కార్డు పెట్టనివాడు ఎక్కడో కుర్చీలో కూర్చుని, ఒక మీట నొక్కితే చాలు. కాళ్లూ కనబడవు, మనిషీ కనబడడు.

సాగర్ నేల మీద కూలబడ్డాడు.

"ఏందిరా?" అన్నాడు తండ్రి.

"నేనే జెప్పిన బాపూ." సాగర్ తల ఎత్తకుండానే చెప్పుకుపోయాడు. "మొన్న పొద్దుగాల ఫోన్ చేసిండు. కొత్త సెట్టింగ్ ఏస్తున్న, సాంచలు ఆగినప్పుడు నాకు చెప్పు, ఖాళీగున్నప్పుడు టెస్ట్ చేస్త అన్నడు. ఏం సెట్టింగో నాకు తెల్వదు. కరెంటు పోంగనే నేనే మెసేజ్ పెట్టిన. అన్ని సాంచలు బంద్, ఎవరూ లేరు అని. కనుకయ్య మామ కిందికి పోయిండని నాకు తెల్వదు బాపూ. నేను ఇక్కడ పండుకున్న."

సిద్ధిరాములు కొడుకును కొట్టడానికి చేయెత్తాడు. సమ్మవ్వ ఆ చేయి పట్టుకుంది. ఆమె ఏడవడం లేదు. "పిల్లగాడు తెల్వక చేసిండు," అంది. "తెలిసినంక దాచిపెట్టి, స్వామిని జైల్ల ఏసినోడు వేరే. ఆడు యాడున్నడు? గది జెప్పుండ్రి."

"ఠాణాకు పోతున్న అన్నడు," అన్నాడు సిద్ధిరాములు.

శోభ ఠాణాకు ఫోన్ కలిపింది. తెలిసిన హవల్దారు ఎత్తాడు. వైభవ్ ఇవాళ అసలు రాలేదన్నాడు. రావలసిన పని కూడా లేదన్నాడు.

లైవ్ చూసుడేనా, సేవ్ కూడా అయితదా? వైభవ్ ఇందాక అడిగిన మాట ఇప్పుడు ఆమె మనసుకెక్కింది. తను తెర మీద గుర్తులు వెతుకుతూ కూర్చున్నంత సేపూ అతను బండి మీద ఉన్నాడు. ఇక్కడి నుంచి గైబీ నగర్ ఎంతో దూరం లేదు.

"లతా!" సాగర్ ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉంది. శోభ దాన్ని అందుకుంది. "లతా, నేను శోభక్కను. ఆ టాబ్లెట్ తీసుకొని నువ్వు పక్కింటికి పో. ఇప్పుడే. ఎవరొచ్చినా..."

"అరే, కోణీతరీ ఆలంయ్. ఎవరో వచ్చిండ్రు అక్కా, బెల్ కొడుతున్నరు. కిటికీల నుంచి కనబడుతుండు." కిటికీ రెక్క తెరిచిన చప్పుడు. "మన డబ్బాల కంపెనీ సార్. టాబ్లెట్‌కు అప్‌డేట్ ఎక్కియ్యాలంటుండు."

"తలుపు తియ్యకు! గొళ్లెం పెట్టు!"

"నేను మిద్దె మీద ఉన్న అక్కా. కింద అత్తమ్మ ఉన్నది."

సిద్ధిరాములు అప్పటికే బయటికి పరుగెత్తాడు. సాగర్ బండి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు. శోభ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. లత మెట్లు దిగుతూ "అత్తమ్మా, అత్తమ్మా" అని పిలుస్తున్న చప్పుడు. తలుపు గడియ తీసిన చప్పుడు.

ఆ తర్వాత దూరంగా, ప్రేమగా, సాగర్ తల్లి లక్ష్మవ్వ గొంతు.

"రా బిడ్డా, లోపటికి రా. ఎండల పడి వచ్చినవ్. కూచో, చాయ్ పెడుత."